అరవై దాటంగనే

పొద్దుగాల నాలుగున్నరకు కుషాయిగూడ ఇడుస్త.
ఎనక సీట్లు తీసేసిన పాత వ్యాగనార్ల
పదకొండు బకెట్ల ఇడ్లీ పిండి,
మూతలకు తాడు.
నలభైల ఏం లేదు. యాభైల ఏం లేదు.
అరవై దాటంగనే
కాళ్ళ కిందికెల్లి ఒక మూలుగు లేస్తది,
ఊఁఁఁ అని,
ఊపిరి సుత తీస్కోకుంట.

నాకు సప్పుళ్ళు తెల్సు.
పదేండ్లు గ్రైండర్ పక్కన నిలవడ్డ.
మినప్పప్పు సరిగ నానకుంటె రాయి ఎట్ల గొణుగుతదో
బెల్టు జారెటప్పుడు ఎట్ల కీసుమంటదో
పక్కింట్ల టీవీ మోగుతున్నా చెప్తా.
"నీ చెవుల్నే ఉన్నది" అన్నడు మా ఆయన
దుప్పటి మీదికి గుంజుకుంట.
ఒక్కనాడన్న నాతోని లేస్తె గద.

టైర్ల షాపు పిలగాడు టైర్లన్నడు.
ముంగటియి ఎనకకు, ఎనకయి ముంగటికి మార్చి
నాలుగొందలు తీస్కున్నడు.
మూలుగు ఉన్నకాడనే ఉన్నది.
పెట్రోలు బంకుల ఎవలో ఇంజనన్నరు.
నాచారం రోడ్డు మీద, లారీలు లేని టైముల,
డెబ్బై మీద న్యూట్రల్ కొట్టి ఇన్న.
ఇంజను సల్లవడ్డది.
మూలుగు సల్లవడలే.

ఆఖరికి గౌస్ మామ కాడికి పోయిన,
మౌలాలి కమాన్ దాటినంక, ఇనుప కొట్ల వరుసల.
బానెట్ సుత ఎత్తలే ఆయన.
పక్క సీట్ల కూసోని, బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నడు.
"నడుపు బేటీ. మాట్లాడకు."
అరవై.
"జర కుడికి ఊపు."
ఊపిన. గట్టిగైంది.
"ఎడమకు."
గొంతు తగ్గింది, తప్పు దొరికిన పిలగాని లెక్క.
"హౌ. కుడికి తిప్పితె బరువు ఎడమ చక్రం మీద పడ్తది.
అప్పుడే అరుస్తున్నది."
బీడీ మళ్ళ అంటుపెట్టిండు.

జాకీ ఎక్కిచ్చి ముంగటి చక్రం చేత్తోని తిప్పిండు.
"ఈడ చెయ్యి పెట్టు" అన్నడు, స్ప్రింగు మీద.
వేళ్ళల్ల సన్నని గరగర,
రవ్వ సగమే మెదిగినప్పటిది.
కుడి దిక్కు పెట్టి చూసిన.
నెయ్యి లెక్క తిరుగుతున్నది.

ప్రెస్సుల పెడితె టప్పుమని బయటపడ్డది బేరింగు.
నర్సింగ్ గాడు డీజిల్ల కడిగి సూపెట్టిండు.
గుండ్లు నడిచే తొవ్వల తుప్పు, గుంతలు,
మా కాలనీ రోడ్డే అనుకో.
"నీళ్ళల్ల ముంచినవా బండిని?"

యాదికొచ్చింది.
ఆగస్టుల ఒక రాత్రి, రైలు బ్రిడ్జి కింద
హెడ్‌లైట్ల దాక నీళ్ళు.
పిండి మురిగిపోతదని ఆగలే.
ఒక్క బకెట్ సుత ఒలకలేదని
మూడు రోజులు అందరికి చెప్పుకున్న.
ఒలికింది నా దిక్కు గాదు, ఆయింత నీళ్ళు
చక్రం లోపలికి పోయి కూసున్నయి.
నోరు రానీకె దానికి మూడు నెలలు పట్టింది.

పదహారు వందలు. పాత బేరింగు అడిగి తెచ్చుకున్న.
ఎందుకో తెల్వది.
ఇప్పుడైతె కిరాణా చిట్టీల మీద బరువుకున్నది.

తెల్లారి, అరవై. అరవై ఐదు. డెబ్బై.
ఏం లేదు.
ఏం లేకపోయేసరికి బుగులైంది,
బండి నడుస్తున్నదా లేదా అని మీటరు సూసుకున్న.

హబ్సిగూడ సిగ్నల్ కాడ అద్దాలెక్కిచ్చి ఆగితె
ఎనకకెల్లి ఇనొచ్చింది.
బకెట్లల్ల పిండి పొంగుతున్నది.
మూత కింద ఒక బుడగ, టుప్.
జర ఆగి ఇంకోటి, వేరే బకెట్ల.
ఇన్నేండ్లు మోస్తున్న గని
ఇది మాట్లాడుతదని తెల్వది నాకు.
గ్రీన్ పడ్డది. ఎనక ఆటో హారన్ కొడ్తున్నడు.
ఆగు తమ్మీ,
మూడోది రాలే.